ఊపిరి నిచ్చు యంత్రము – ఊపిరితిత్తుల రక్షణ

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీరు, వీధిదీపములు మొదలగు విషయములను గూర్చి మీరు ఈ తరగతులలో వినుచున్నారు. పెద్ద ఆసుపత్రులలో వాడు ఒక యంత్రమును గూర్చి మనకు చెప్పనేల యని మీలో కొందరికి తోచవచ్చును. కారణము కలదు. ఊరిలో ఒకనికి జ్వరము ముదిరి ఆయాసము వచ్చినను, పురుగుమందు కడుపులోనికి పోయినను, కట్లపాము కరచినను, అతనిని పట్టణమునకు తీసికొనిపోవుదురు. అచ్చటి వైద్యుడు "వెంటిలేటరు పెట్టవలెను, మీ సమ్మతి కావలెను" అనును. ఆ మాట వినగానే బంధువులు సలహా అడుగునది తరచుగా సర్పంచినో, వార్డు సభ్యునో. ఆ సమయమున మీరు చెప్పు మాటపై ఒక ప్రాణము ఆధారపడి యుండవచ్చును.

ఈ యంత్రమును గూర్చి రెండు నమ్మకములు జనులలో వ్యాపించి యున్నవి. "వెంటిలేటరు ఎక్కినవాడు తిరిగి రాడు" అనునది ఒకటి. "డబ్బు ఖర్చు పెట్టినచో యంత్రమే బ్రతికించును" అనునది రెండవది. రెండును నిజము కావు. యంత్రము రోగమును నయము చేయదు. రోగము నయమగువరకు వ్యవధి నిచ్చును. ఆ వ్యవధిని ఊపిరితిత్తులకు హాని లేకుండ ఇచ్చుట యెట్లో తెలిసికొనుటకు వైద్యులకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది. ఆ పరిశోధన కథను క్లుప్తముగ మనవి చేయుదును.

మన ఊపిరితిత్తులలో కోట్లకొలది గాలితిత్తులు కలవు. వాని పలుచని గోడల గుండ ప్రాణవాయువు రక్తములోనికి చేరును. బొగ్గుపులుసు వాయువు వెలుపలికి వచ్చును. మనము ఊపిరి పీల్చునపుడు రొమ్ము విశాలమై గాలిని లోనికి లాగుకొనును. యంత్రము చేయు పని వేరు. అది శ్వాసనాళములో అమర్చిన గొట్టము ద్వారా గాలిని లోనికి నెట్టును. లాగుకొనుటకును నెట్టుటకును గల ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో వ్యాధి తీవ్రముగ ప్రబలెను. ఊపిరి పీల్చు కండరములు చచ్చుబడిన రోగులలో మొదట నూటికి 80 మందికి పైగా మరణించిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్య నిపుణుడు, గొంతు వద్ద రంధ్రము చేసి గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలిని పంపవచ్చునని చూపెను. చాలినన్ని యంత్రములు లేవు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు రోగుల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కిరి. మరణములు సగమునకు పైగా తగ్గెను. నేటి అత్యవసర చికిత్సా విభాగములకు ఇదియే నాంది.

ఆ రోగులలో పెక్కుమందికి చెడినవి కండరములే గాని ఊపిరితిత్తులు కావు. కట్లపాము విషము వలనను, కొన్ని పురుగుమందుల వలనను జరుగునది అట్టిదే. విషప్రభావము తగ్గువరకు యంత్రము ఊపిరి నందించి, తగిన మందులు సకాలమున పడినచో, అట్టివారిలో అనేకులు కోలుకొందురు. "ఎక్కినవాడు తిరిగి రాడు" అను మాట విని వీరిని ఇంటికి తీసికొనిపోవుట, బ్రతుకవలసినవారిని చేజేతుల పోగొట్టుకొనుటయే.

ఊపిరితిత్తులే చెడినప్పుడు సమస్య మరింత కష్టమైనది. 1967లో అమెరికాలోని డెన్వరు నగర వైద్యులు ఆష్‌బా, పెటీ మొదలగువారు 12 మంది రోగులను గూర్చి ప్రకటించిరి. కొందరికి ప్రమాదములలో దెబ్బలు, కొందరికి వైరస్ వ్యాధి, ఒకరికి క్లోమగ్రంథి వాపు. కారణములు వేరైనను ఫలితము ఒక్కటే: గాలితిత్తులలోనికి నీరు ఊరి, ఊపిరితిత్తులు బిరుసెక్కి, ప్రాణవాయువు ఎంత ఇచ్చినను రక్తమునకు చాలకుండెను. 12 మందిలో 7 గురు మరణించిరి. దీనినే నేడు ఏఆర్‌డీఎస్ అందురు. న్యుమోనియా, రక్తమంతట క్రిములు వ్యాపించుట, తీవ్రమైన మలేరియా, స్క్రబ్ టైఫస్, వాంతి ఊపిరితిత్తులలోనికి పోవుట మొదలగునవి దీనికి దారితీయును.

ఇట్టి రోగులకు చాలకాలము వరకు యంత్రముతో పెద్ద పెద్ద ఊపిరులు ఇచ్చుచుండిరి. రక్తములో ప్రాణవాయువు తగ్గినది కనుక గాలి ఎక్కువ పంపవలెనని తలచుట సహజమే. కాని 1974లో వెబ్, టియర్నీ అను వైద్యులు ఎలుకలపై పరీక్షలు చేసి, అధికమైన ఒత్తిడితో గాలి నెట్టినచో ఆరోగ్యమైన ఊపిరితిత్తులలో సైతము గంటలోపుననే నీరు చేరునని చూపిరి. తరువాత ఇటలీలో గాటినోని అను శాస్త్రజ్ఞుడు స్కానింగు సహాయమున మరియొక సంగతి కనుగొనెను. ఈ వ్యాధిలో ఊపిరితిత్తులన్నియు సమముగ చెడవు. చాల భాగము మూసికొనిపోయి, గాలి ఆడు భాగము చిన్నపిల్ల ఊపిరితిత్తులంత మాత్రమే మిగులును.

దీనిని మీకు తెలిసిన రీతిలో చెప్పుదును. ఒక చెరువు క్రింద పది పంటకాలువలున్న వనుకొనుడు. అందు ఏడింటిలో పూడిక నిండినది. పొలములు ఎండుచున్నవని తూమును పూర్తిగ ఎత్తినచో ఏమగును? పూడిన కాలువలలోనికి నీరు పోదు. బాగుగ నున్న మూడు కాలువల గట్లు తెగును. తూమును కొద్దిగ ఎత్తి, ఉన్న కాలువలను కాపాడుకొనుచు, పూడిక తీయువరకు ఓపిక పట్టుటయే తెలివి. ఊపిరితిత్తుల సంగతియు అంతే.

ఈ ఊహ నిజమా కాదా యని తేల్చుటకు అమెరికాలో పది వైద్య కేంద్రములు కలసి 861 మంది రోగులపై పరిశోధన చేసినవి. ఒక వర్గమునకు కిలో ఒక్కింటికి 12 మిల్లీలీటర్ల చొప్పున, రెండవ వర్గమునకు 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి నిచ్చిరి. మొదటి దినములలో పెద్ద ఊపిరులు పొందినవారి రక్తములోనే ప్రాణవాయువు మెరుగుగ కనబడెను. అయినను తుదకు వారిలో నూటికి 39.8 మంది మరణించిరి. చిన్న ఊపిరులు పొందినవారిలో 31 మంది మాత్రమే. భేదము స్పష్టమగుటచే పరిశోధనను అనుకొన్న దానికంటె ముందుగనే ముగించిరి. 2000వ సంవత్సరమున ఫలితములు వెలువడెను. కొత్త మందు లేదు, కొత్త యంత్రము లేదు. కొలత మారినది, ప్రాణములు నిలిచినవి.

ఇచ్చట కిలో అనగా త్రాసుపై తూగు బరువు కాదు. ఎత్తును బట్టి లెక్కించు బరువు. మనిషి లావైనంత మాత్రమున ఊపిరితిత్తులు పెరుగవు. 165 సెంటీమీటర్ల పురుషునికి ఈ లెక్కన ఊపిరి ఒక్కింటికి సుమారు 370 మిల్లీలీటర్లు. 150 సెంటీమీటర్ల స్త్రీకి సుమారు 260 మాత్రమే. ఎత్తు కొలువక అందరికి ఒకే అంచనా వేసినచో పొట్టివారికి, అందును స్త్రీలకు, ఎక్కువ గాలి పోవు ప్రమాదము కలదు. కావున రోగి ఎత్తును వైద్యులకు చెప్పుట బంధువులు చేయదగిన మేలు.

2013లో ఫ్రాన్సు దేశపు వైద్యులు మరియొక మేలైన మార్గమును ధ్రువపరచిరి. వ్యాధి తీవ్రముగ నున్న 466 మందిలో కొందరిని దినమునకు కనీసము 16 గంటల చొప్పున బోర్లా పడుకొనబెట్టిరి. 28 దినములలో వీరిలో నూటికి 16 మందియు, వెల్లకిల పడుకొన్నవారిలో సుమారు 33 మందియు మరణించిరి. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాపించినప్పుడు మన ఆసుపత్రులలోను రోగులను బోర్లా పడుకొనబెట్టుట మీరు విని యుందురు. అది నిర్లక్ష్యము కాదు, చికిత్స.

అయితే తెలిసినదంతయు ఆచరణలోనికి వచ్చినదా? 2016లో ప్రకటితమైన 50 దేశముల పరిశీలనలో, ఈ వ్యాధి గలవారిలో నూటికి 40 మందిని వైద్యులు గుర్తింపనేలేదని తేలినది. రోగులలో నూటికి 40 మంది ఆసుపత్రిలో మరణించిరి. ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినంతనే ప్రతి గడపకు చేరదని మీకు అనుభవమే. శాస్త్రము గతియు అట్టిదే.

ఇక మీరు చేయదగిన పనులు.

మొదటిది, కాలము వృథా కానీయకుండుట. ఆయాసము, మగత, పెదవులు నీలమగుట కనబడినచో వెంటనే 108కి ఫోను చేయింపుడు. పాము కరచినవారిని మంత్రములకు త్రిప్పవలదు. గట్టి కట్లు కట్టవలదు, గాట్లు పెట్టవలదు. కరచిన అవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్పుడు.

రెండవది, పురుగుమందు త్రాగినవారికి ఉప్పునీరో, సబ్బునీరో పోసి వాంతి చేయింపవలదు. ఆ వాంతి ఊపిరితిత్తులలోనికి పోయినచో, విషమునకు తోడు ఇంతవరకు చెప్పిన వ్యాధియు వచ్చును. స్పృహ లేనివారిని ప్రక్కకు త్రిప్పి పడుకొనబెట్టి, మందు సీసాను వెంట తీసికొనిపోవుడు.

మూడవది, సమ్మతి అడిగినప్పుడు బంధువులను భయపెట్టక, మూడు ప్రశ్నలు వైద్యుని అడుగుమని చెప్పుడు. యంత్రము ఎందుకు కావలసి వచ్చినది? మూలవ్యాధి నయమగు అవకాశమెంత? ఎన్ని దినములకు ఒకసారి పరిస్థితిని మరల విచారింతురు? సమాధానములు విన్న పిమ్మట నిర్ణయము వారిది. ఎంత చేసినను కొందరు దక్కరు. ఆ సత్యమును దాచుటయు తగదు.

నాలుగవది, బ్రతికి వచ్చినవారిని మరువకుండుట. వారిలో పలువురికి నెలల తరబడి నీరసము, ఆయాసము ఉండును. కూలిపనికి వెంటనే పోలేరు. అట్టి కుటుంబమునకు రావలసిన సహాయమును ఇప్పించుట పంచాయతీ ధర్మము.

మీ గ్రామమున ఎవరైనను "వెంటిలేటరు అన్నారు, ఏమి చేయుదుము?" అని మీ వాకిట నిలిచిన దినమున, ఈ విషయములు మీకు జ్ఞప్తికి రావలెనని కోరుచున్నాను.