నిర్దోషి అన్న తీర్పు తర్వాత

2017 ఏప్రిల్ 2న రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు నుంచి ఓ యువకుడు బయటికొచ్చాడు. అంతకు రెండు రోజుల ముందే హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతానికి చెందిన ఈ పేదింటి కుర్రాణ్ణి పట్టుకొచ్చి, హంతకుడు ఇతనే అన్నారు. 2010లో విజయవాడ కోర్టు 14 ఏళ్ల శిక్ష వేసింది. ఈలోగా నరాల జబ్బుతో అతని కాళ్లు చచ్చుబడ్డాయి. నిమ్స్‌లో చేర్చాల్సి వచ్చింది.

హతురాలి తల్లి మాత్రం మొదటి నుంచీ ఒకే మాట మీద నిలబడింది. చంపింది ఇతను కాదు, అసలు దోషులు వేరే ఉన్నారు.

కడుపుకోతలో ఉన్న మనిషి, ఎదురుగా బోనులో నిలబెట్టిన వాడి తరఫున మాట్లాడటం మామూలు సంగతి కాదు. తప్పుడు అరెస్టు ఒక్క ఇంటిని ముంచి ఊరుకోదని ఆమెకు తెలుసు. ఒక తల్లి కొడుకు జైలుకు పోతే, ఇంకో తల్లి బిడ్డను చంపినవాడు దర్జాగా తిరుగుతాడు. 2018లో కేసు సీబీఐకి వెళ్లేసరికి కోర్టులో భద్రంగా ఉండాల్సిన ఆధారాలే ధ్వంసమైపోయాయి.

ఆ యువకుడికి లక్ష రూపాయలు చెల్లించాలని హైకోర్టు చెప్పింది. ఎనిమిదిన్నరేళ్లకు పైగా పోయిన జీవితానికి అది నెలకు వెయ్యి కూడా పడదు. చట్టం లెక్క ఇంకా చిన్నది. తగిన కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయించిన వ్యక్తి నుంచి మేజిస్ట్రేటు ఇప్పించగల పరిహారం వెయ్యి రూపాయలు దాటకూడదు. పాత సీఆర్‌పీసీ 358వ సెక్షన్‌లోని ఆ అంకెను 2023 నాటి కొత్త సంహిత 399వ సెక్షన్‌లో అలాగే ఉంచారు.

ప్రభుత్వం తనంతట తాను డబ్బిచ్చిన సందర్భమూ ఉంది. హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు 2007 మే 18న జరిగింది. ఆ తర్వాత పట్టుకెళ్లిన ముస్లిం యువకులు నిర్దోషులుగా బయటపడ్డాక ప్రభుత్వం కొందరికి మూడేసి లక్షలు, మరికొందరికి ఇరవై వేలు ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. కేసు వీగిపోయినంత మాత్రాన పరిహారానికి హక్కు రాదన్నది. ఇచ్చింది హక్కుగా కాదు, దయగా. అందుకే నిలబడలేదు.

ఢిల్లీకి చెందిన మహమ్మద్ ఆమిర్ ఖాన్‌దీ ఇలాంటి కథే. 1998లో అరెస్టై 2012లో విడుదలయ్యాడు. తండ్రి అప్పటికే చనిపోయాడు. పక్షవాతంతో తల్లికి మాట పడిపోయింది. పద్నాలుగేళ్లు ఎదురుచూసిన కొడుకు గుమ్మంలోకొస్తే నోరారా పిలవలేని స్థితి ఆమెది. మానవ హక్కుల కమిషన్ చొరవతో దక్కిన ఐదు లక్షలు ఆ పిలుపును తేలేవు. అయినా డబ్బు ఇవ్వాల్సిందే. ఇల్లు గడవాలి, మందులు కొనాలి, లాయర్ల అప్పు తీరాలి.

2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో ఇలాంటి పరిహారాన్ని చట్టబద్ధమైన హక్కు చేయమంది. ప్రత్యేక కోర్టులు, డబ్బుతోపాటు మానసిక వైద్యం, పని నేర్పించడం వంటివి సూచించింది. ఐదేళ్ల తర్వాత వచ్చిన కొత్త సంహితలో వాటికి చోటు దొరకలేదు.