తట్టా పారా పట్టిన చేతులు
(స్వర్ణోత్సవ సభలో 1985 బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)



"ఇంజనీరువి కదా, పాతబస్తీ వరదల గురించి చెప్పు" అన్నారు మన కార్యదర్శి. వరదల గురించి చెప్పమంటే నేను గంటసేపు చెప్పగలను, మీరు కూర్చోలేరు. అందుకని వరద పోయిన తరవాత సంగతి చెబుతాను.

1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద గురించి మన సోషల్ సార్ ఎన్నిసార్లు చెప్పారో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ తరవాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం. నేను ఇంజనీరింగ్ చదవడానికి సగం కారణం ఆ పాఠమే. వరద వస్తే ఇంజనీరు వస్తాడు, ఆనకట్ట కడతాడు, కథ ముగుస్తుంది. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

2020 అక్టోబర్ 13న కురిసిన వాన మీరంతా చూసిందే. ఒక్క రోజులో దాదాపు 19 సెంటీమీటర్లు. నాలుగు రోజులకు బాలాపూర్ వైపు గుర్రం చెరువు గట్టు తెగింది. హఫీజ్ బాబానగర్ ఇళ్ళలోకి రాత్రికి రాత్రి నీళ్ళు వచ్చాయి. ఈసారి నీళ్ళు మూసీ నుంచి రాలేదు, దక్షిణాన ఉన్న గొలుసుకట్టు చెరువుల నుంచి వచ్చాయి.

నీళ్ళు తగ్గాక నేనూ వెళ్ళాను. మెడలో కెమెరా, చేతిలో టేపు. గోడల మీద నీటి గుర్తు ఎంత ఎత్తున ఉందో కొలుచుకుంటున్నాను. ఒక ఇంటి గడపలో కూర్చున్న పెద్దామె ఉర్దూలో అడిగింది: "గోడ కొలుస్తున్నావు గానీ, లోపలికి వచ్చి చూశావా బాబూ?" చూడలేదు. నిజం చెప్పాలంటే, బూట్లు పాడవుతాయని వెళ్ళలేదు.

ఆ రోజు నాతో మా ఆఫీసు కుర్రాడు ఒకడు ఉన్నాడు. ఆ మాట విని, ప్యాంటు మడుచుకుని, "లోపలికి రావచ్చా అమ్మీ?" అని అడిగి వెళ్ళాడు. పది నిమిషాల్లో ఎక్కడినుంచో పార సంపాదించాడు.

వాడి గురించి కొంచెం చెప్పాలి. ఉద్యోగానికి వచ్చినప్పుడు ఇంటర్వ్యూ చేసింది నేనే. ఇంటర్‌కీ బీటెక్‌కీ మధ్య రెండేళ్ళు ఖాళీ. "ఎంసెట్ లాంగ్ టర్మా?" అన్నాను. "కాదు సార్, మిషన్‌కు వెళ్ళాను" అన్నాడు. వాళ్ళది మోర్మన్లని జనం పిలిచే చర్చి. ఇప్పుడు వాళ్ళు ఆ పేరు వాడొద్దంటారు, లాటర్-డే సెయింట్స్ అనాలట. 1830లో అమెరికాలో పుట్టింది. మన ఊరికి రావడం వెనక తెలుగువాళ్ళే ఉన్నారు. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ ఆ చర్చిలో చేరిన ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాద్ వచ్చి తమ బంధువులతో మొదలుపెట్టారు. 2012లో దేశంలో వాళ్ళ మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలను కలిపిన విభాగం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

వాళ్ళలో అబ్బాయిలు పద్దెనిమిది దాటాక రెండేళ్ళు, అమ్మాయిలు ఏడాదిన్నర ఇల్లు వదిలి వెళతారు. జీతం లేదు, ఖర్చు కూడా చాలావరకు ఇంటివాళ్ళదే. ఎక్కడికి పంపితే అక్కడికి. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరగాలి. వీడు వెళ్ళిన రోజుల్లో ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ. మా అబ్బాయి హాస్టల్ నుంచి రోజుకు రెండుసార్లు చేస్తాడు, డబ్బుల కోసం.

వాళ్ళ మిషన్‌లో ముఖ్యమైన పని మతం చెప్పడమే, సేవ దాంతోపాటు. అది దాచిపెట్టి పొగడటం నాకు ఇష్టం లేదు. వాళ్ళ నమ్మకాలు నావి కావు. కష్టంలో ఉన్నవాడి ఇంటికి ఒక చేత్తో అన్నం, ఇంకో చేత్తో గ్రంథం పట్టుకుని వెళ్ళేవాళ్ళంటే, వాళ్ళు ఏ మతంవాళ్ళయినా, నాకు మొదటినుంచీ పడదు. ఆ సాయంత్రం వాడినే సూటిగా అడిగాను. "పార పట్టుకున్నప్పుడు ఆ మాట ఎత్తను సార్. వాళ్ళు అడిగితే చెబుతా" అన్నాడు. పెద్దామె అడిగింది కూడా, ఏ జమాత్ మీది అని. చర్చి అని చెప్పాడు. "సరే, ముందు చాయ్ తాగు" అంది. అంతటితో ఆ విషయం అయిపోయింది.

మర్నాడు ఆదివారం నేను గమ్ బూట్లు కొనుక్కుని వెళ్ళాను. ఆ గల్లీలో మసీదు కుర్రాళ్ళు, పక్క బస్తీ గణేశ్ మండపం కుర్రాళ్ళు అప్పటికే తట్టలు మోస్తున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేర్చుకోనిది ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నాను. బురద తడిగా ఉన్నప్పుడే తీయాలి, ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది. ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. వెనక గదిలో మొదలుపెట్టి వాకిలి వైపు రావాలి. తీసింది మోరీలో వేయకూడదు, వేస్తే తరవాతి వానకు అదే నీళ్ళు మళ్ళీ ఇంట్లోకి. అన్నిటికంటే కష్టం సంపు. మురుగు కలిసిన నీళ్ళన్నీ తోడి, అడుగు గీకి, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగి, ఆ నీళ్ళూ తోడేయాలి. అందులోకి దిగే ముందు మూత తీసి గాలి ఆడనివ్వాలి, పైన ఒకడు నిలబడి ఉండాలి. మా కుర్రాడు ఇద్దరిద్దరు అని పట్టుబట్టింది ఇక్కడ పనికొచ్చింది. ఎవరి ఇంట్లోకీ ఒక్కడే వెళ్ళకూడదన్నాడు. ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లో ముందు పెద్దామెను అడగాలన్నాడు. ఏది ఉంచాలో ఏది పారేయాలో మనం నిర్ణయించకూడదన్నాడు. నానిపోయిన పెళ్ళి ఆల్బమ్‌ను చెత్త తట్టలో వేయబోయి నేను తిట్లు తిన్నాను.

నాలుగు ఆదివారాలు వెళ్ళాం. కొలతలు కూడా తీశాను, అవి ఆఫీసు ఫైలులో ఉన్నాయి.

ఇక మన సంగతి. సంఘం తరఫున స్వాగత తోరణం కట్టించాలని ప్రతిపాదన ఉందని విన్నాను. కట్టించండి, నా చందా నేను ఇస్తాను. దానితోపాటు నాదొక ప్రతిపాదన. పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లల్లో ఇష్టపడ్డవాళ్ళు, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, మనతో కలిసి వానాకాలానికి ముందు నాలుగు ఆదివారాలు ఇవ్వాలి. బడి చుట్టూ ఉన్న గల్లీల్లో ఏ మోరీ ఎక్కడ పూడిందో, ఏ ఇంటి సంపు మూత రోడ్డు కంటే కిందికి ఉందో ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకోవాలి. ఒంటరి ముసలివాళ్ళు ఉన్న ఇళ్ళ జాబితా విడిగా ఉండాలి. పిల్లలను సంపుల్లోకీ మోరీల్లోకీ దించేది లేదు, అది ముందే చెబుతున్నాను. పటం గీయించే పూచీ నాది.

మే నెల మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకు బడి గేటు దగ్గర ఉంటాను. మా కుర్రాడు కూడా వస్తానన్నాడు. టేపులు, నోటు పుస్తకాలు నేను తెస్తాను, చాయ్ ఖర్చు 1985 బ్యాచ్‌ది.