మూస ఒక్కటే, ఖాళీలు వేరు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి వెబ్‌సైటు పెట్టుకోవాలని కార్యవర్గం తీర్మానించిన సంగతి మీకు తెలుసు. అందులోని పేజీలను ఏ పద్ధతిలో నిర్వహించుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. "అమీర్‌పేటలో ఇంతమంది కంప్యూటరు కుర్రవాళ్ళుండగా రిటైరైన గుమాస్తా ఎందుకండీ?" అని అడిగాను. "ముప్పై అయిదేళ్ళు ఫారాలతో కాపురం చేసింది మీరే కదండీ" అన్నారాయన. ఆ మాట నిజమే కనుక ఒప్పుకున్నాను.

ముందుగా పేర్ల సంగతి. వెబ్‌సైట్లు నడిపే సాధనాన్ని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. డ్రూపల్ 2001లో, వర్డ్‌ప్రెస్ 2003లో, జూమ్లా 2005లో వచ్చాయి. వీటిలో పేజీ అనేది ఒకే కాగితంగా బీరువాలో పడి ఉండదు. పైన శీర్షిక, కింద చిరునామా, పక్కన ప్రకటన, మధ్యలో విషయం, ఇలా ముక్కలుగా ఉంటుంది. మనం అడిగినప్పుడు అది ఆ ముక్కలన్నీ జతచేసి పేజీగా చూపిస్తుంది. ఒకే ముక్క పది పేజీల్లో కనిపించవచ్చు. ఆ ముక్కను ఒకరు బ్లాకు అంటారు, ఇంకొకరు మాడ్యూలు అంటారు, మరొకరు ప్యాటర్న్ అంటారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వారు మాత్రం చక్కగా 'మూస' అని పేరు పెట్టుకున్నారు. కంసాలి బంగారం కరిగించే మూస అది. 'మూస కథలు' అని విమర్శకులు తిట్టడానికి వాడే మాటకు ఇన్నాళ్ళకు ఒక గౌరవమైన ఉద్యోగం దొరికిందని నేను సంతోషించాను.

ఇది మనకు కొత్త విషయం కాదు. మనం కొలువులో ఉన్నప్పుడు ప్రతి సెక్షన్లోనూ రూల్సు పుస్తకం ఒక ప్రతి ఉండేది. ఫండమెంటల్ రూల్సు కావచ్చు, ఫైనాన్షియల్ కోడ్ కావచ్చు. ఒక రూలు సవరిస్తే కరెక్షన్ స్లిప్పులు అచ్చువేసి పంపేవారు. ఆ సన్నటి కాగితాన్ని కత్తిరించి, ఆ పుటలో ఆ రూలు మీద అంటించి, స్లిప్పు నంబరు వేయాలి. పనిమంతుడున్న సెక్షన్లో పుస్తకం ఏటేటా లావెక్కేది. లేనిచోట స్లిప్పులన్నీ అట్ట లోపల మడిచి ఉండేవి, జిగురు రాలేదనో, చూసే గుమాస్తా బదిలీ అయ్యాడనో. ఒకే భవనంలో రెండో అంతస్తులో ఒక రూలు, మూడో అంతస్తులో ఇంకో రూలు నడిచేది. ఇద్దరూ చెప్పేది పుస్తకంలో ఉన్నదే!

వెబ్‌సైట్లు వచ్చి ఆ కష్టం తీరిపోయిందని అనుకోకండి. పంజాగుట్టలో మా వీధిలోనే ఉండే ఒక సభ్యుని భార్య, ఆయన కాలం చేసిన తరువాత కుటుంబ పింఛను కోసం ఒక కార్యాలయం వారి వెబ్‌సైటులోంచి కావలసిన కాగితాల జాబితా ప్రింటు తీయించుకున్నారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. జాబితాలో ఫలానా కాగితం మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలని రాశారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఆటో కట్టించుకుని, తెలిసిన అధికారి కోసం రెండుసార్లు తిరిగారు. తీరా కౌంటరు దగ్గరికి వెళితే, "మీ సంతకమే చాలునమ్మా, కానీ ఇది పాత ఫారం, కొత్తది తీసుకురండి" అన్నారట. మనవడు వచ్చి సైటంతా వెతికితే అదే జాబితా నాలుగు పేజీల్లో ఉంది. ఒకదానిలో దిద్దారు, మూడింటిలో మరిచారు. పింఛను రెండు నెలలు ఆలస్యమైంది. ఆ రెండు నెలలూ ఆవిడ అద్దె ఎలా కట్టారో నేను అడగలేదు.

ఆ జాబితాను నాలుగుసార్లు టైపు చేయకుండా ఒక్క ముక్కగా రాసి పెట్టి, నాలుగు పేజీల్లోనూ దాన్నే పిలిపించి ఉంటే, ఒకచోట దిద్దితే నాలుగుచోట్లా మారేది. వర్డ్‌ప్రెస్‌లో 2018 డిసెంబరు నుంచి ఈ సౌకర్యం ఉంది. మొదట దాన్ని రీయూజబుల్ బ్లాకు అన్నారు, 2023 నుంచి సింక్డ్ ప్యాటర్న్ అంటున్నారు. ఇక్కడే ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. సింకు లేని ప్యాటర్న్ కూడా ఉంటుంది. అది మనం సైక్లోస్టైల్ తీసిన కాగితం లాంటిది. స్టెన్సిల్ దిద్దినా ఇదివరకే బయటికి వెళ్ళిన కాపీలు మారవు. రెండూ తెరమీద చూడటానికి ఒకేలా ఉంటాయి. మన పేజీలు చేసే కుర్రవాడిని మొదట అడగవలసిన ప్రశ్న, ఇది సింకు ఉన్నదా, లేనిదా అని.

ఎంత పని కలిసివస్తుందో మన రాష్ట్రం సంగతి చూస్తేనే తెలుస్తుంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది, ప్రతి ఫారం మీదా రాష్ట్రం పేరు మారింది. అప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న అవి 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2024 మార్చిలో బండి నంబర్ల మీద టి.ఎస్. పోయి టి.జి. వచ్చింది. పదేళ్ళలో నాలుగు మార్పులు! రాష్ట్రం పేరును, జిల్లాల పట్టికను ఒక్కచోట పెట్టుకున్నవారికి అది ఒక పూట పని. ప్రతి పేజీలోనూ విడివిడిగా టైపు చేసినవారు ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంటారు. ప్రభుత్వం వారి జిల్లా వెబ్‌సైట్లు రెండు మూడు పక్కపక్కన పెట్టి చూడండి, అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వారు ఎస్‌త్రీవాస్ అనే ఒకే చట్రం ఇచ్చారు, జిల్లావారు తమ సమాచారం నింపుకుంటారు.

ఇక ఖాళీల సంగతి. ఇంగ్లీషులో ప్లేస్‌హోల్డర్ అంటారు. అర్థం కాకపోతే ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపేవాళ్ళం. కర్చీఫ్ ప్రయాణం చేయదు, మనిషి వచ్చేదాకా చోటు కాపాడుతుంది. మన ఏ.పి.టి.సి. 47 నంబరు పే బిల్లు ఫారంలో గడులన్నీ అలాంటివే. 'వర్తించనిది కొట్టివేయుము' అన్నదీ ఆ జాతిదే. మైత్రీవనం దగ్గర, ఆదిత్య ఎన్‌క్లేవ్ దగ్గర శిక్షణ సంస్థల బ్యానర్లు చూసే ఉంటారు. కోర్సు పేరు, ఫోను నంబరు అచ్చువేసి ఉంటాయి. కొత్త బ్యాచి తేదీ దగ్గర మాత్రం తెల్లకాగితం అంటించి ఉంటుంది. కరోనా తరువాత చాలా తరగతులు ఆన్‌లైనుకు వెళ్ళాయి గాని, ఆ కాగితం అంటించే పని మాత్రం పోలేదు.

తెలుగులో ఈ ఖాళీ పెట్టడం ఇంగ్లీషులో పెట్టినంత సులువు కాదు. ఇంగ్లీషు మూసను తెచ్చి తెలుగు చేసేవారు ఇది గమనించరు. పేరుకు ఖాళీ వదిలి పక్కన 'కు' అని అచ్చువేశారనుకోండి. రామారావు వస్తే 'రామారావుకు', బాగానే ఉంది. లక్ష్మి వస్తే 'లక్ష్మికు' అని పడుతుంది. సుబ్రహ్మణ్యం వస్తే 'సుబ్రహ్మణ్యంకు' అవుతుంది, మనమేమో సుబ్రహ్మణ్యానికి అంటాం. మన పాత డ్రాఫ్టులు రాసిన పెద్దలు దీనికి ఉపాయం కనిపెట్టారు. 'శ్రీ/శ్రీమతి ........ గారికి' అన్నారు. పేరు ఏదైనా సరే, విభక్తి బరువంతా 'గారు' మోస్తుంది. మర్యాదా దక్కుతుంది, వ్యాకరణమూ నిలుస్తుంది. ఊళ్ళకు 'జిల్లా' అని చేర్చితే చాలు. 'ఖమ్మంకు' అనే అవస్థ తప్పి 'ఖమ్మం జిల్లాకు' అవుతుంది. మెట్రో రైలు వారు ఇంకొక దారి పట్టారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా రైలు మొదలైంది కదా. అమీర్‌పేటలో ఎక్కగానే తరువాతి స్టేషను పంజాగుట్ట అని చెబుతుంది. ఆ వాక్యం అన్ని స్టేషన్లకూ ఒకటే. స్టేషను పేరుకు ఏ ప్రత్యయమూ తగలకుండా విడిగా నిలబెట్టారు. ఈసారి నిమ్స్‌కు చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు చెవి పెట్టి వినండి.

నింపని ఖాళీ బయటికి పోతే ఏమవుతుంది? వికీపీడియాలో, మూస తయారుచేసినవారు ఇంకో ఏర్పాటు చేయకపోతే, ఖాళీ పేరే మూడేసి వంకర బ్రాకెట్ల మధ్య పేజీమీద కనిపిస్తుంది. చూడటానికి వికారంగా ఉంటుంది కాని నాకు అదే నచ్చింది. తప్పు పది మందికీ కనబడితే ఎవరో ఒకరు దిద్దుతారు. ప్రమాదమంతా ముందే నింపి పెట్టిన విలువతో. ఎవరూ ఏమీ రాయకపోతే ఫలానాది వేసుకో అని మూసకు చెప్పి పెట్టవచ్చు. సంఘం పేరుకు అలా చెప్పండి, తప్పులేదు. తేదీకి, సొమ్ముకు మాత్రం చెప్పవద్దని నా మనవి. గడువు తేదీ గడి నింపడం మరిచిపోతే నిరుటి తేదీ కూర్చుంటుంది. చదివేవారికి అది పాతదని తెలియదు.

లైఫ్ సర్టిఫికెట్ సంగతే తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇవ్వాలి, 80 ఏళ్ళు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఇంటి నుంచే ఇచ్చే వీలు కలిగింది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారుల గడువు వారి ఉత్తర్వుల ప్రకారం వేరు. మన సంఘంలో ఇద్దరూ ఉన్నారు. కాబట్టి ఈ ప్రకటన మన సైటులో రెండు ముక్కలుగా ఉండాలి, ఒకదాని వాక్యం ఇంకొకదానిలోకి పోకూడదు. ప్రతి ముక్క కింద ఉత్తర్వు నంబరుకు ఒక గడి, సరిచూసిన తేదీకి ఒక గడి ఉండాలి. ఆ రెండూ నింపనిదే ప్రచురించే మీట పనిచేయకుండా చేయించవచ్చునని కుర్రవాళ్ళు చెప్పారు. చేయించవలసిందే.

మూసలో పోయకూడనిది ఒకటుంది, సంతాప ప్రకటన. మన వయసులో ఆ పేజీయే అందరూ ముందు చూసేది. పేరు, చేసిన ఉద్యోగం, కర్మ జరిగే చోటు, వేళ, వీటికి గడులు పెట్టండి. 'స్నేహశీలి, నిరాడంబరుడు, సంఘానికి ఎనలేని సేవ చేశారు' అన్న వాక్యం మాత్రం ముక్కగా దాచిపెట్టుకోవద్దు. పోయినవారందరూ నిరాడంబరులే అయితే, పిల్లలు ఆ కాగితం దాచుకోవడం దేనికి? ఒకరు రికార్డు రూములో ఏ ఫైలు ఏ అరలో ఉందో చీకట్లో తీసి ఇచ్చేవారు. ఇంకొకరు ఎంత చిన్న సెలవు చీటీ అయినా ముత్యాలలాంటి అక్షరాలతో రాసేవారు. అటువంటిది ఒక్కటి, ఆయన్నో ఆవిడనో ఎరిగినవారు ప్రతిసారీ కొత్తగా రాయాలి. గడిలో ముందుగా ఒక్క ప్రశ్నే ఉంచుదాం: వీరిని ఏ సంగతికి గుర్తుంచుకున్నారు?

మిగిలినవి పరిపాలన విషయాలు, త్వరగా చెబుతాను. ఏ ముక్క ఎక్కడెక్కడ వాడామో ఒక రిజిస్టరు ఉండాలి, నోటుబుక్కు అయినా చాలు. వాడుతున్న ముక్కను తీసివేస్తే దాన్ని పిలిచిన ప్రతి పేజీలోనూ ఆ చోటు ఖాళీ అయిపోతుంది. ఎల్.డిస్. వేసిన ఫైలును కూడా గడువు ముగిశాకే చింపేవాళ్ళం కదా! ముక్కలు దిద్దే అధికారం ఇద్దరికే ఇవ్వండి. ఒకరు రాయాలి, ఒకరు సరిచూడాలి. పేజీలు రాసే పని పది మందికి ఇచ్చినా ఫరవాలేదు. మన వార్తాలేఖ ఇన్నాళ్ళూ పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో కూర్చారు. ఆ అక్షరాలు వెబ్‌సైటులో నేరుగా పనికిరావు, యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఎవరో ఒకరు అక్షరం అక్షరం చదవాలి. మన టైపిస్టు సోదరీమణులు ఇద్దరు ఇదివరకే ముందుకు వచ్చారు, వారికి కృతజ్ఞతలు.

కార్యవర్గం ముందు నేను పెడుతున్నవి నాలుగు ముక్కలు. సంఘం చిరునామా, పని వేళలు ఒకటి. లైఫ్ సర్టిఫికెట్ ప్రకటనలు రెండు. కుటుంబ పింఛనుకు కావలసిన కాగితాల జాబితా ఒకటి. ఆ చివరిదాని డ్రాఫ్టు ఇరవై కాపీలు తెచ్చాను, వెనక వరుస నుంచి పంచుతున్నారు. ఈ మధ్య మీ ఇళ్ళలో ఎవరైనా ఆ కాగితాలు పెట్టి ఉంటే, కౌంటరులో నిజంగా ఏమేమి అడిగారో మార్జినులో రాయండి. ఎర్రసిరా అయితే మరీ మంచిది. టీ తరువాత ఆ కాపీలు నాకే ఇవ్వండి.