రెండు భాషల పిల్లల చదువులో జన్యువుల పాలు

మాట్లాడటం బిడ్డకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చదవడం నేర్పితే తప్ప రాదు. లిపి పుట్టి కొన్ని వేల ఏళ్లే అయింది. అంత కొద్ది కాలంలో మెదడులో చదువు కోసమే ఒక భాగం ఏర్పడలేదు. చూపుకూ వినికిడికీ మాటకూ ఉన్న నాడీ మార్గాలనే ప్రతి బిడ్డా అక్షరాల కోసం కొత్తగా మలుచుకుంటుంది. కాబట్టి ‘చదువు జన్యువు’ అనేది ఒకటంటూ లేదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడం, వాటిని కాసేపు గుర్తుంచుకోవడం వంటి శక్తులను కొద్దికొద్దిగా పెంచే, తగ్గించే జన్యుభేదాలు మాత్రం లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి.

ఈ శక్తులకు గట్టి పరీక్ష పెట్టే చోటు హైదరాబాద్‌లో చార్మినార్‌కు పడమటనున్న హుస్సేనీ ఆలం. ఇక్కడి బిడ్డకు ఇంట్లో దక్కనీ: ‘నక్కో’, ‘హౌ’, ‘కైకు’. ఖురాన్ పాఠంలో అరబీ అక్షరాలు. బడిలో ఉర్దూ లేదా ఇంగ్లిషు మాధ్యమం. 2018 నాటి రాష్ట్ర చట్టం తర్వాత తెలుగు కూడా తప్పనిసరి. పక్క గల్లీలోని తెలుగింటి బిడ్డకు ఇంట్లో తెలుగైనా ఆటల్లో దక్కనీయే. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు లిపులు ఒకదానికొకటి పోలిక లేనివి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది, హ్రస్వ అచ్చులను మామూలుగా రాయదు. చదివేవారే సందర్భాన్ని బట్టి నింపుకోవాలి. తెలుగులో అచ్చు ఏదో రాతలోనే తెలుస్తుంది గానీ గుణింతాలూ ఒత్తులూ కలిసి వందల రూపాలవుతాయి, అవన్నీ పట్టుబడటానికి కొన్నేళ్లు పడుతుంది. ఇంగ్లిషులో రాతకూ పలుకుకూ పొత్తు తక్కువ. హిందీ, ఉర్దూ లిపులు రెండూ వచ్చిన పెద్దల మీద 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, వారు హిందీ మాటలను ఉర్దూ మాటల కంటే త్వరగా చదివారు. ఉర్దూ పుస్తకం ముందు బిడ్డ తడబడితే బుర్ర తక్కువని అనేముందు ఈ సంగతి గుర్తుకు రావాలి.

చదువులో వంశం పాలు ఎంతో తేల్చడానికి పాత సాధనం కవలలు. ఏకరూప కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. మామూలు కవలల్లో తేడాపడే జన్యువులు సగటున సగమే కలుస్తాయి. మొదటి రకం జంటలు చదువులో రెండో రకం జంటల కంటే ఎంత ఎక్కువగా ఒకరినొకరు పోలి ఉంటే అనువంశికత అంత ఎక్కువని లెక్క. అయితే ఈ లెక్క గుంపుకు చెందినది, ఏ ఒక్క బిడ్డ తలరాతా కాదు. ఆస్ట్రేలియా, అమెరికా, స్కాండినేవియా కవలలను పోల్చినప్పుడు ఇది స్పష్టమైంది. బడిలో చిన్నప్పుడే అక్షరాలు దిద్దించే ఆస్ట్రేలియాలో అనువంశికత ముందే పైకి తేలింది. స్కాండినేవియాలో బడి చదువు మొదలయ్యాకే తేలింది. అందరికీ ఒకేలా నేర్పినచోట జన్యువుల తేడా ఎక్కువగా కనబడుతుంది. ఒక గల్లీలో టీచరు ఉండి, పక్క గల్లీలో లేని ఊళ్లో పిల్లల మార్కుల తేడా ముందుగా బడుల తేడానే చెబుతుంది.

రెండు భాషల పిల్లల విషయంలో నేరుగా వెలుగునిచ్చినది హాంకాంగ్. సగటున 6 ఏళ్ల వయసున్న 279 జతల చైనా కవలలకు చైనీసులోనూ ఇంగ్లిషులోనూ పరీక్షలు పెట్టి 2014లో ఫలితాలు ప్రచురించారు. మాటను గుర్తుపట్టడం, ధ్వనులను విడదీయడం, విన్నది గుర్తుంచుకోవడం, పదసంపద: వీటన్నిటిలో రెండు భాషలకూ ఉమ్మడి జన్యు ప్రభావం కనిపించింది. పదసంపదలోనూ ధ్వని ఎరుకలోనూ కవలలు పంచుకునే వాతావరణం కూడా రెండు భాషలకూ కలిసి పనిచేసింది. బొమ్మల్లాంటి అక్షరాల చైనీసుకూ, 26 అక్షరాల ఇంగ్లిషుకూ అడుగున ఉన్న పునాదిలో కొంత ఒకటేనన్నమాట. తెలుగు, ఉర్దూల మధ్య పొత్తు అంతకంటే తక్కువ ఉంటుందనుకోవడానికి కారణం లేదు.

అయినా లోపల ఉన్న లోటు ప్రతి లిపిలోనూ ఒకేలా బయటపడదు. 1999లో శాస్త్రజ్ఞులు వివరించిన ఒక కుర్రవాడు జపాన్‌లో పెరిగిన ఆంగ్లభాషా కుటుంబపు బిడ్డ. జపనీసు చక్కగా చదివేవాడు, ఇంగ్లిషులో మాత్రం తీవ్రంగా వెనకబడ్డాడు. ఇంగ్లిషులో తడబడే బిడ్డ తెలుగు సాఫీగా చదివితే అది సోమరితనానికి రుజువు కాదు.

జన్యువుల వేట ఇటీవల వేగమందుకుంది. 2001లో లండన్‌లోని ఒక కుటుంబంలో మూడు తరాల మాట ఇబ్బందికి ఫాక్స్‌పీ2 అనే జన్యువులోని మార్పు కారణమని తేలింది. అది అరుదైన సంగతి. సాధారణ డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకున్నా చదవడంలో వచ్చే ఇబ్బంది, అలా ఒక్కచోట దొరకదు. 2022లో, తమకు డిస్లెక్సియా ఉందని చెప్పిన 51,800 మందిని పదిలక్షలకు పైబడిన ఇతరులతో పోల్చినప్పుడు 42 జన్యుస్థానాలు బయటపడ్డాయి. ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. ఆ సమాచారమంతా ఐరోపా మూలాలవారిది. భారతీయ జనసమూహాల జన్యు చరిత్ర వేరని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2009లోనే చూపారు. అక్కడి లెక్కలతో ఇక్కడి బిడ్డ భవిష్యత్తు చెప్పడం తప్పు.

రక్తపరీక్ష కంటే కుటుంబ చరిత్ర అడగడమే ఇప్పటికి పనికొచ్చే జన్యు పరీక్ష. తల్లికో తండ్రికో డిస్లెక్సియా ఉంటే పిల్లల్లో సుమారు 100కు 45 మందికి అది వస్తుందని 2016 నాటి ఒక సమీక్ష లెక్కకట్టింది. హుస్సేనీ ఆలంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో పట్టా అందుకునేవారిలో కొందరు టీచర్లవుతారు, కొందరు ఇప్పటికే ఇంట్లో తమ్ముళ్లకు అక్షరాలు దిద్దిస్తున్నారు. కుటుంబ చరిత్ర గురించిన ఆ ప్రశ్న అడగవలసింది వారే.

వెనకబడిన బిడ్డకు ఇంటి భాష మాన్పించమనే సలహా ఈ నగరంలో తరచు వినిపిస్తుంది. దానికి శాస్త్రంలో ఆధారం లేదు. రెండు భాషలు డిస్లెక్సియాను పుట్టించవు. ఇంటి మాట మానితే పోయేది పదసంపదే. అప్పట్లో హైదరాబాద్‌లోని నిమ్స్‌లో వైద్యురాలైన సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు వ్యాధి ఉన్న 648 మందిని పరిశీలించి, ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. అక్షరం రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. అది ముసలితనపు సంగతే అయినా, రెండో భాష మెదడుకు బరువన్న భయానికి హైదరాబాదే ఇచ్చిన జవాబు.

బిడ్డను పరీక్షించేటప్పుడు చదివే భాషలన్నిటిలోనూ పరీక్షించాలి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రూపొందించిన ‘డాలీ’ పరీక్షలు ఈ దారిలోవే. ఇబ్బంది నిజమని తేలితే ధ్వనినీ అక్షరాన్నీ జతచేస్తూ, నెమ్మదిగా, రోజూ నేర్పే పద్ధతి ఫలిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది. ధ్రువపత్రం ఉన్న బిడ్డ పరీక్షలో అదనపు సమయం కోరవచ్చు.