గంజియు కర్బనపు పోగును
(మహాసభయందు చేసిన యుపన్యాసపాఠము)



జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతములనుండి వ్యయప్రయాసల కోర్చి విచ్చేసిన తమ యెదుట నాలుగు మాటలు చెప్పుట కవకాశ మొసంగిన ఆహ్వానసంఘమువారికి నా వందనములు. కులచరిత్రమును గూర్చియు మార్కండేయ మహర్షిని గూర్చియు నాకంటె బాగుగ చెప్పగల పెద్దలు వేదికపై నున్నారు. నేను గంజిని గూర్చి చెప్పెదను. నవ్వకుడు.

నా బాల్యమున మా తాతగారు వీథిలో పడుగు సాచి గంజి పెట్టెడివారు. ఒకనాడు గంజి కాచు పని నా కప్పగించిరి. నేను ఆటమీది ధ్యాసచే కలియబెట్టక ఉండలు కట్టనిచ్చితిని. ఆ పడుగు మగ్గ మెక్కిన పిదప ఉండ యున్నచోట నెల్ల పోగు తెగెను. తాతగారు నన్ను కొట్టలేదు. తెగిన పోగుల నన్నిటిని నాచేతనే అతికించిరి. గంజి పలుచనైన పోగును కాపాడదు, చిక్కనైన పెళుసు చేయును, అందులకే చుక్క నూనె కలుపుదురని నే నానాడు నేర్చితిని.

ఇక కర్బనపు పోగు మాట. అక్రిలిక్ జాతి నారను మొదట గాలిలో 200 మొదలు 300 డిగ్రీల వేడిమిని, పిదప నత్రజనిలో వేయి డిగ్రీలకు మించిన వేడిమిని కాల్చగా తక్కిన మూలకములు చాలవరకు తొలగి కర్బనము మిగులును. భూపాలపల్లి గనులలో మనవారు త్రవ్వు బొగ్గున నున్న మూలకమే యిది. అణువుల పొందిక మాత్రము వేరు. ఒక్క పోగు మందము 5 మొదలు 7 మైక్రానులు, తలవెంట్రుకలో ఇంచుమించు పదవవంతు. ఇట్టివి పండ్రెండువేలు ఒక్క పేటగా వచ్చును. దీనిని పడుగు పేకలుగ నేసి, ఎపాక్సీ జిగురుతో గట్టిపరచినదే కాంపోజిట్. తేజస్ యుద్ధవిమానపు కాయమున బరువులో 45 శాతము కాంపోజిట్లే. అగ్ని క్షిపణులకు వలయు కర్బన సమ్మిశ్రములు మన హైదరాబాదునందలి రక్షణ పరిశోధనశాలయందే రూపొందినవి.

అయిన నీ పోగున కొక లోపము కలదు. దాని పైభాగము నునుపు. జిగురును సులభముగ పట్టుకొనదు. భారము పడినపుడు పోగు తెగకమునుపే జిగురునుండి జారును, పొరలు విడిపోవును. కావున పోగుల పైభాగమును ఆమ్లజనితో కొంత గరుకుపరచి, బరువులో నూటికి ఒకవంతు ప్రాంతమున పలుచని పూత పూయుదురు. ఆ పూత పేరేమనుకొందురు? సైజింగ్! మిల్లులలో మన గంజికిని అదే పేరు.

ఇప్పు డా గంజిలో నానోపదార్థములను కలుపుచున్నారు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవవంతు. 1991లో జపానున ఇజీమా వర్ణించిన కర్బన నానోగొట్టములును, 2004లో మాంచెస్టరున వేరుచేయబడిన గ్రాఫీనును ఇందు ముఖ్యములు. ఇవి పోగునంటి ముళ్లవలె నిలిచి జిగురును పట్టుకొనును. పుట్టిన బీటను దారి మళ్లించును. విద్యుత్తును ప్రసరింపజేయుటచే, లోన బీట వారినచో ఆ మార్పును వెలినుండి కొలిచి తెలిసికొనవచ్చును.

చిక్కు లేకపోలేదు. నానోగొట్టము లొకదాని నొకటి అంటుకొని ఉండలు కట్టును! ఆ ఉండయే బీటకు మొదలగును. (మా తాతగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు.) పోగుపైననే ఇనుపరేణువుల సాయమున వీనిని మొలిపింపజూచిన, ఆ వేడిమికి ఇనుము కర్బనములోనికి చొచ్చి పోగునే బలహీనపరచును. కావున చల్లని ద్రవమున ముంచుటయో, విద్యుత్తుచే పూత నెక్కించుటయో మేలని పలువురు యత్నించుచున్నారు. ఈ ధూళి ఊపిరితిత్తులకు హానికరము కావచ్చును గాన ముఖమునకు రక్షణ లేక పని చేయరాదు.

మగ్గ మెరిగినంతనే విమానశాలలో ఉద్యోగము వచ్చునని నేను భ్రమ పెట్టను. పాలిమర్ రసాయనము, బలవిజ్ఞానము చదువక తప్పదు. కాని కొడకండ్ల మొదలగు నేతయూళ్లలో తండ్రి మగ్గమును చూచి సిగ్గుపడి ఇల్లు విడుచు బాలునకు, నీ యింటి గంజికుండలోని ప్రశ్నయే నేటి పరిశోధనశాలలోను పరిష్కారమునకై యున్నదని చెప్పువా రెవ్వరు? మన మూడు ప్రాంతముల నడుమ వరంగల్లున 1959లో స్థాపితమైన యింజనీరింగు కళాశాల నేడు ఎన్.ఐ.టి.గా నున్నది, హైదరాబాదు బాలాపురమున నానోపదార్థముల పరిశోధించు ఏ.ఆర్.సి.ఐ. కలదు.

జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతములనుండి నేతకుటుంబమున పుట్టిన విద్యార్థి నొక్కొక్కరిని, బాలికయైన మరియు మేలు, ఈ శాస్త్రము చదివించుటకు మన విద్యానిధినుండి వేతన మీయవలెనని ప్రతిపాదించుచున్నాను. సాయంకాలపు తీర్మానములలో దీనిని చేర్ప గార్యదర్శిగారిని ప్రార్థించుచు, నా వంతు మొదటి చందాను వారి చేతి కిచ్చుచున్నాను.