మెరియా రక్షకులు – పిల్లలకు చెప్పవలసిన రెండు మాటలు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



పురుషోత్తంపూరులో చదువుకొను మన తెలుగు పిల్లలకు గంజాము చరిత్రము పరాయిది కాదు. 1936 మార్చి నెలాఖరు వరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోనిదే. ఇచట జరిగిన మంచి చెడ్డలలో మన పూర్వులకును పాలు గలదు. అట్టి విషయ మొకటి నేడు మనవి చేయుచున్నాము.

1835లో గుంసూరు రాజు ధనంజయ భంజుడు పేష్కషు బాకీ పడెనని ఈస్టిండియా కంపెనీ వారు ఆ జమీనును స్వాధీనపరచుకొనిరి. రాజు కొండలలోని కోంధుల నాశ్రయించి, ఆ యేటి చివరనే మరణించెను. ఆశ్రయ మిచ్చిన కోంధులపై 1837 వరకు యుద్ధము సాగెను. కంపెనీ సేనలు పల్లెలను తగులబెట్టినవి, అనేకులను ఉరితీసినవి. అవి మద్రాసు సేనలు. మద్రాసు సేనలలో తెలుగు సిపాయీలు విశేషముగ నుండెడివారు. ఈ దండయాత్రకు పెద్దయైన రస్సెల్ దొర పేరనే రస్సెల్‌కొండ వెలసినది. నేడది భంజనగరము.

ఆ యుద్ధ సమయముననే మెరియా బలి సంగతి దొరలకు తెలిసెను. భూదేవత ప్రీతికై, పంటల వృద్ధికై, కొన్ని తెగల కోంధులు కొని తెచ్చిన మనుష్యులను బలి యిచ్చుచుండిరి. వారిలో పసిబిడ్డలును గలరు. యుద్ధములో పనిచేసిన జాన్ కాంబెల్ అను సైనికోద్యోగియే అటుపిమ్మట కొండలెక్కి వారిని విడిపింప నారంభించెను. 1845లో ఇందులకై ప్రత్యేకముగ ఏజెన్సీ యేర్పడెను. కాంబెల్, మెక్‌ఫర్సన్ మొదలగువారు 1854 నాటికి 1500కు పైగా ప్రాణములను కాపాడిరి. అనాథలైన పిల్లలు కొందరు బరంపురము మిషనరీల యొద్ద పెరిగిరి.

కాంబెల్ మంచివాడా, చెడ్డవాడా యని పిల్లవాడు అడుగును. ఏమి చెప్పవలెను? చెర విడిన బిడ్డ ఒక మాట చెప్పును. ఇల్లు కాలిన కోంధు బిడ్డ వేరొక మాట చెప్పును. రెండును నిజమే. కాపాడిన ప్రాణములు కాల్చిన పల్లెలకు చెల్లు కావు. పల్లెలు కాల్చినంత మాత్రమున కాపాడిన ప్రాణములు అబద్ధము కావు. షిండ్లరు నాజీ పార్టీ సభ్యుడై యుండి, యుద్ధ లాభమునకై కర్మాగారము నడపుచునే, సుమారు 1200 మంది యూదులను మృత్యువు నుండి తప్పించెను. మనుష్యుని లెక్క ఒక్క గీతతో తేలదు.

తల్లిదండ్రులకు మా విన్నప మొకటి. కోంధులను నరబలి జాతియని ఇంట హేళన చేయవలదు. వారిలో ఆ బలిని ఏవగించుకొన్న తెగలును ఉండెను. మరియు ఆ బిడ్డలను కొనిన వారు కొండవారైనను, కొనిపోయి అమ్మినవారిలో మైదానము వారును గలరు. ఈ మాట మనకు కష్టముగా నుండును. అయినను పిల్లలకు చెప్పక తప్పదు.

మన ఊరికి సమీపమున జౌగడ శిలపై అశోకుడు ప్రజలందరు తన బిడ్డలని చెక్కించెను. కళింగ యుద్ధమున చచ్చినవారి సంఖ్యయు, తన పశ్చాత్తాపమును దెలుపు శాసనమును మాత్రము ఈ కళింగమున చెక్కింపలేదు. రాతిపై విడిచినది రాజు ఇష్టము. మా తరగతిలో మాత్రము ఏ సగమును విడువము. ఇంటి యొద్ద మీరును విడువకుందురు గాక.