నగరపు కంపోస్టు: కొలత ఒక్కటిగా ఉండవలెను
(నిజాంపేటలో రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు చేలు ఉండిన నిజాంపేటలో నేడు మేడలు లేచినవి. కూరగాయల తొక్కు, మిగిలిన అన్నము, వాటితో గాజుపెంకులు, పాత బ్యాటరీలు గూడ హైదరాబాదు చెత్తలో చేరుచున్నవి. జవహర్‌నగర్‌కు పోవు ఆ చెత్తలో కుళ్ళెడు భాగము ఎరువై పొలమునకు తిరిగివచ్చుట మంచిదే. పశువులు తగ్గిన ఈ రోజులలో దొడ్డి ఎరువు ఎందరికి చాలుచున్నది? అయితే సంచిమీది పేరు చూచి సరకు నమ్మరాదు.

కొంతకాలము కొలతలే రెండు విధములుగా ఉండెను. 2000 సంవత్సరపు మునిసిపల్ చెత్త నిబంధనలు కంపోస్టులో కర్బన నత్రజనుల నిష్పత్తిని 20 నుండి 40 వరకు ఒప్పుకొన్నవి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006లో సేంద్రియ ఎరువులను చేర్చినప్పుడు అది 20కి మించరాదన్నారు. 2016 చెత్త నిబంధనలు వచ్చిన పిదపనే రెండును కలిసినవి. ఇది కాగితముల తగాదా కాదు. నిష్పత్తి 35 ఉన్న పచ్చి ఎరువును మడిలో వేసితిమా, దానిని కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందుగా తామే తినివేయును. నారు పసుపుబారును. రైతు విత్తనమును తిట్టుకొనును.

ఉత్తర్వు ప్రకారము నత్రజని కనీసము 0.8 శాతము ఉండవలెను. అనగా టన్నుకు 8 కిలోలు. రెండున్నర టన్నులు తోలినగాని ఒక యూరియా బస్తా నత్రజని రాదు. కాబట్టి దీనిని నేల గుల్లబారుటకు, తేమ నిలుచుటకు వాడుకొనుడు. యూరియాకు బదులు అనుకొనవద్దు.

సీసము సంగతి వేరు. కిలోకు 100 మిల్లీగ్రాములు దాని హద్దు. ఆ హద్దున ఉన్న ఎరువు టన్ను వేసినను 100 గ్రాముల సీసము నేలలో దిగును. వానకు కొట్టుకొనిపోదు, పంటతో తీరదు. ఏడాదికొక పరీక్ష పత్రము చూపి అమ్ముట నా దృష్టిలో చాలదు. వేసవి చెత్త వేరు, వానకాలపు చెత్త వేరు. ప్రతి తయారీకి పరీక్ష జరుగవలెను. మీరు ఆ తయారీ సంఖ్య, తేదీ రసీదుమీద వ్రాయించుకొనుడు.

నమూనా తీయుటలోను ఒకే పద్ధతి కావలెను. కుప్ప పైపొర పనికిరాదు. పది చోట్ల లోపలినుండి తీసి కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు వదలి, మిగిలినది మరల కలుపుచు కిలోకు తెచ్చుడు. సగము పరీక్షకు పంపి, సగము మూతిగట్టి తేదీతో ఇంట ఉంచుడు.

ఫలితము వచ్చులోగా రెండు కుండలలో పెసలు చల్లి చూడుడు. ఒకదానిలో మీ మన్ను, రెండవదానిలో మన్ను, కంపోస్టు సమపాళ్ళు. రెండవదానిలో మొలక తగ్గినచో ఆ బండిని పొలములోనికి రానీయకుడు.